రోబో పోటీల రూల్స్‌లో కొలిచే పద్ధతి కూడా రాయండి

సంపాదకులకు,

అయ్యా, తిరుపతి కొర్లగుంటలో నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉంది. టీవీల పని తగ్గిపోయాక మిక్సీలు, ఇన్వర్టర్లతో నెట్టుకొస్తున్నాను. రోబో పోటీలు వస్తున్నాయంటే మాత్రం సాయంత్రం పూట షాపు నిండా స్కూలు పిల్లలే. సోల్డరింగ్‌కి వస్తారు, కాలిపోయిన మోటార్ డ్రైవర్ (మోటార్లకు కరెంటు పంపే బోర్డు) చేతిలో పెట్టుకుని ఏడుపు మొహంతో వస్తారు. పెద్దగా మిగిలేదేమీ లేదు గానీ, నాకు ఆ పని ఇష్టం.

ఈమధ్య ఒక పోటీకి వెళ్లొచ్చిన పిల్లల సంగతి విని ఈ ఉత్తరం రాస్తున్నాను. నల్ల గీత వెంట నడిచే రోబో పోటీ అది. రూల్స్ కాగితంలో బ్యాటరీ గురించి ఉన్నది ఒక్కటే మాట: 12 వోల్టులు మించరాదు. వీళ్లు మూడు లిథియం సెల్స్ సిరీస్‌లో కలిపారు. ఒక్కో సెల్ మీద 3.7 అని ఉంటుంది, మూడూ కలిస్తే 11.1. చెకింగ్ టేబుల్ దగ్గర మీటరు పెడితే 12.6 చూపించింది. "అన్నా, 12 దాటిందంట, లోపలికి పంపించేదానికి ఒప్పుకోలేదు" అని ఫోన్ చేశారు.

ఫుల్ చార్జ్ అయిన లిథియం సెల్ 4.2 చూపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. స్కూటర్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీకి మీటరు పెట్టినా ఫుల్ చార్జ్‌లో 12 దాటే ఉంటుంది, దాన్నెవరూ 12 కాదనరు. రెండు సెల్స్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అంటారేమో. పిల్లలు ఎక్కువగా వాడే ఎల్298ఎన్ అనే మోటార్ డ్రైవర్ బోర్డే దాదాపు రెండు వోల్టులు తినేస్తుంది. 7.4లో అది పోతే 12 వోల్టుల గేర్ మోటార్‌కి మిగిలేది ఐదున్నర. బండి కదులుతుంది, అంతే.

చివరికి వాళ్లేం చేశారంటే, వరండాలో రోబోను తిరగేసి పట్టుకుని, 12కు దిగేదాకా చక్రాలు గాల్లో తిప్పుతూ కూర్చున్నారు. గంటకు పైగా పట్టింది. లోపలికి పంపించారు గానీ, స్పీడు సెట్ చేసుకున్నదంతా ఫుల్ బ్యాటరీ మీద. దిగిపోయిన బ్యాటరీతో రోబో మలుపుల దగ్గర ఈడ్చుకుంటూ నడిచింది. పిల్లల తెలివికి పరీక్ష పెట్టాల్సిన చోట ఇదేం పరీక్షండీ?

రాసి ఉన్న వోల్టేజీ లెక్కా, మీటరు చూపించే లెక్కా అన్నది ఒక్క వాక్యంలో తేలిపోయేది. పిల్లల అంతర్జాతీయ రోబో పోటీ వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో రోబోమిషన్ అనే విభాగం రూల్స్ చూడండి. రోబో 25 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు దాటకూడదని చెప్పి ఊరుకోలేదు. వైర్లతో కలిపి కొలుస్తారని, బయల్దేరే ముందు వరకే ఆ లెక్క అని, కదిలాక చేతులు చాచుకోవచ్చని కూడా రాశారు. ఇక వాదనకు చోటెక్కడుంది?

ట్రాక్ సంగతి ఇంకా అన్యాయం. ఈ రోబోలు గీతను మనలా చూడవు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తిరిగి ఎంత వస్తోందో చూస్తాయి. కంటికి నల్లగా కనిపించే కొన్ని ఇంకులు ఆ వెలుగును మింగవు. అలాంటి ఇంకుతో ఫ్లెక్స్ మీద గీత కొట్టిస్తే సెన్సర్‌కి గీత, ఖాళీ రెండూ ఒకేలా అనిపిస్తాయి. పిల్లలేమో ఇంట్లో తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి ప్రాక్టీస్ చేస్తారు. పైగా హాల్లో కిటికీలోంచి ఎండ పడితే సెన్సర్ లెక్క తప్పుతుంది. గీత దేంతో వేస్తారు, వెడల్పు ఎంత అన్నది ముందే చెప్పి, అదే షీటు ముక్క ఒకటి స్కూలుకు పంపితే ఏం పోతుంది?

గట్టిగా ఉండాల్సిన చోట మాత్రం రూల్స్ లేవు. స్కేలు పెట్టి ఎత్తు కొలిచారు గానీ, బ్యాటరీకి ఫ్యూజు ఉందా, చేతికందే చోట స్విచ్ ఉందా అని ఎవరూ చూడలేదట. ఒక టీమ్ లిపో ప్యాక్ (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఉబ్బి ఉన్నా అలాగే ఆడించారట. అలాంటిది నా షాపులోకి వస్తే లోపల ఉంచను, వాకిట్లో పెట్టిస్తాను. మంటలంటుకుంటే మామూలుగా ఆరదు. 12.6కి ఆపినవాళ్లు దీన్ని ఎలా వదిలేశారో!

సొంతంగా తయారు చేసిన రోబోనే తేవాలన్న రూలు కూడా పేరుకే. కొన్న కిట్టా కాదా అని తేల్చాలంటే ఒక వైరు పీకి, మళ్లీ పెట్టమంటే చాలు.

పోటీ పెట్టేవాళ్లకు నా మనవి ఇది. రూల్స్ కాగితం తెలుగులో కూడా ఇవ్వండి, మా వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం వాళ్లే. చెకింగ్ ముందురోజు సాయంత్రమే పెట్టండి, తేడా ఉంటే రాత్రికి సరిచేసుకుంటారు. మీటరు పట్టుకునేదానికి మనిషి కావాలంటే నేనొస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఆదివారమైతే మేలు, ఆ రోజు షాపు ఉండదు.

ఇట్లు,
ఒక రిపేరు షాపు మెకానిక్,
కొర్లగుంట, తిరుపతి.