ఫిర్యాదు: మా ఆవిడ కడుపుతో ఉందని చెప్పి అడిగిన ఒక్క ప్రశ్నకి 20 రోజులుగా జవాబు లేదు

కస్టమర్ కేర్ వాళ్లకి, మీ పైన ఉండే పెద్దవాళ్లకి,

నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నా. మీకు నేను పంపే ఏడో మెయిల్ ఇది. ముందు పంపిన ఆరింటికీ ఒకటే జవాబు, "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా టీమ్ త్వరలో మీతో మాట్లాడుతుంది" అని. ఆ టీమ్‌లో ఎవరున్నారో, త్వరలో అంటే ఎప్పుడో, ఇవాళ మార్చి 1, ఇంకా తెలీలేదు. అందుకే ఈసారి మొదట్నుంచీ రాస్తున్నా, ఎంత పొడుగైనా సరే, దయచేసి ఎవరో ఒక మనిషి చదవండి.

మీరు నెలనెలా పంపే జుట్టు మందు పనిచేయలేదని కాదండీ నా గొడవ. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ "సర్ రిజల్ట్ రావడానికి టైం పడుతుంది" అనే మొదలుపెడుతున్నారు. ఆ మందు, అంటే మినాక్సిడిల్, మొదలుపెట్టాక మొదట్లో కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలుద్దని, నాలుగు నుంచి ఆరు నెలలు వదలకుండా రాస్తేగానీ తేడా కనపడదని, ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిందంతా పోద్దని నాకు తెలుసు. తెలిసే రెండేళ్లుగా వాడుతున్నా, మీ దగ్గరే కొని వాడుతున్నా.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా. సీజన్లో పొద్దున వెళ్తే సాయంత్రానికి తల మీద చెయ్యి పెడితే చెయ్యి మండుద్ది, అంత ఘాటు. ఆ మాడు మీద మందు రాయాలంటే ఊరికే ఏదో ఒకటి కొనేసి రాసుకోలేం కదా. రెండేళ్ల కింద మొదలుపెట్టేటప్పుడు రెండు నెలలు ఆలోచించా. మా అమ్మ గుంటగలగరాకు నూనె కాచి ఇచ్చేది, ఏడాది రాశాం, జుట్టు మెత్తబడింది గానీ నడినెత్తి మీద పల్చబడటం ఆగలేదు. అప్పుడు కొత్తపేటలో స్కిన్ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లా. ఆయన ఓపిగ్గా చెప్పారు, మినాక్సిడిల్ అసలు బీపీ బిళ్ల అని, అది వాడినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తర్వాత తలకి రాసే మందు చేశారని. మగవాళ్లకి 5 శాతం, రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఒక ఎంఎల్. కొందరికి అందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ పడక దురద వస్తుందంట, అలాంటివాళ్లకి అది లేని ఫోమ్ ఉందన్నారు, నాకు ఆ రేటు నెలనెలా కుదరదని లిక్విడ్‌కే వచ్చా, దేవుడి దయ వల్ల పడింది.

ఇంకోటి కూడా చెప్పారు. మినాక్సిడిల్‌తో ఫినాస్టరైడ్ కలిపిన లిక్విడ్ కూడా ఉంది, కుదుళ్లని సన్నబరిచే డీహెచ్‌టీ హార్మోన్‌ని ఈ ఫినాస్టరైడ్ తగ్గిస్తుంది, రెండూ కలిస్తే ఒట్టి మినాక్సిడిల్ కంటే బాగానే పనిచేస్తుంది అన్నారు. అని వెంటనే పెళ్లైందా అని అడిగారు. కుదిరిందండీ అన్నా. అయితే కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ మందు తాకకూడదు, కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే ఆ బిడ్డ అవయవాలు సరిగ్గా ఏర్పడటానికి కావాల్సింది ఆ హార్మోనే, ఆలోచించుకో అన్నారు. నేను ఆలోచించుకునే పనే లేదన్నా. జుట్టు కొంచెం తక్కువ వస్తే వచ్చింది, ఒట్టి మినాక్సిడిలే రాయండి అన్నా. చీటీలో అదొక్కటే రాశారు. ఆ చీటీ ఫోటో మీ యాప్‌లో పెట్టాకే మీరు మొదటి సీసా పంపారు, ఇప్పటికీ నా అకౌంట్లో ఉంది, చూసుకోండి.

ఇక జరిగింది చెప్తా. ఫిబ్రవరి 3 సాయంత్రం నెలనెలా వచ్చే పార్సిల్ వచ్చింది. అదే రంగు డబ్బా, అదే సీసా, అదే డ్రాపర్. పొద్దున పూట నేనే రాసుకుంటా, రాత్రి పూట మాత్రం సుడి దగ్గర నాకు కనపడదని మా ఆవిడ రాస్తుంది, పాయ తీసి డ్రాపర్‌తో చుక్కలేసి వేలి కొసలతో పరుస్తుంది, నుదుటి మీదకి కారితే చేత్తోనే తుడిచేస్తుంది. ఆరు రాత్రులు అలాగే రాసింది. తనకి ఐదో నెల. 9వ తారీఖు రాత్రి సీసా లైటు దగ్గర పెట్టి, "ఏవండీ, ఈసారి రెండు పేర్లున్నాయేంటి దీని మీద" అంది. తీసుకుని చూస్తే కింద చిన్న అక్షరాల్లో ఫినాస్టరైడ్ 0.1 శాతం. నాకు కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. ముందు వెళ్లి చేతులు కడుక్కో అన్నా, ఎందుకో చెప్పలేదు, నా మొహం చూసి తనకే అర్థమైంది.

ఆ రాత్రి పదిన్నరకి మీ చాట్ తెరిచా. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న, ఇన్ని రోజులుగా అడుగుతోంది కూడా అదే: గర్భిణి ఆరు రోజులు వేళ్లతో ఈ మందు తాకింది, ఏం చేయాలి? మీ చాట్‌లో నొక్కడానికి మూడే మూడు ఉన్నాయి, ఆర్డర్ ఎక్కడుంది, రీఫండ్, హెయిర్ కోచ్‌తో మాట్లాడండి. నేను టైప్ చేసి పంపితే గర్భిణి అన్న మాట పట్టుకుని కాన్పు తర్వాత జుట్టు రాలే ఆడవాళ్లకి మీరు అమ్మే కిట్ లింకు పంపింది. అది మిషనే, మనిషి కాదు, తెలుసు. కానీ ఆ టైంలో ఆ లింకు మా ఆవిడ నా పక్కన కూర్చుని చూసిందండీ.

10వ తారీఖు ఫోన్ చేశా, 27 నిమిషాలు పాట విన్నాక ఒక అమ్మాయి ఎత్తింది, హిందీ. యార్డులో బయటి రాష్ట్రాల వ్యాపారులతో మాట్లాడి నాకు కాస్త వచ్చు, కిందా మీదా పడి చెప్పా. తెలుగు ఏజెంట్ 24 గంటల్లో కాల్ చేస్తారంది. చేయలేదు. 12న మళ్లీ నేనే చేస్తే తెలుగబ్బాయి దొరికాడు, ప్రాణం లేచొచ్చింది నాకు. మొత్తం విన్నాడు, విని "సర్ అది అప్‌గ్రేడ్ సర్, పాతది ఆపేశాం, అదే రేటుకి ఇంకా మంచిది ఇస్తున్నాం" అన్నాడు. ఎవర్ని అడిగి మార్చారు బాబూ అంటే యాప్‌లో నోటిఫికేషన్ వచ్చుంటుంది సర్ అన్నాడు. రాలేదు, వెతికా, లేదు. సరే అది తర్వాత, ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు అంటే "అది నేను చెప్పకూడదు సర్, డాక్టర్ టీమ్‌కి ఫార్వర్డ్ చేస్తా" అని టికెట్ నంబర్ ఇచ్చాడు. అతన్ని నేనేం అననండీ, చిన్న పిల్లాడు, మీరు చెప్పమన్నదే చెప్పాడు.

14వ తారీఖు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సర్వీస్‌కి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఏం పరిష్కారమైంది? ఎవరు పరిష్కరించారు? ఒక్క మనిషైనా ఫోన్ చేశాడా? నేను ఆ టికెట్ మళ్లీ తెరవమని మెయిల్ పెడితే కొత్త టికెట్ ఇచ్చారు, అంటే కథ మళ్లీ మొదటికొచ్చింది.

16న డాక్టర్ టీమ్ అని ఫోన్ వచ్చింది. యార్డులో వేలం జరుగుతోంది, ఏమీ వినపడట్లేదు, మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య నుంచి బయటికి పరిగెత్తుకొచ్చి మాట్లాడా. ఆవిడ డాక్టర్ కాదు, హెయిర్ కోచ్. తల నాలుగు వైపుల నుంచీ ఫోటోలు పంపమంది, నిద్ర సరిగ్గా పడుతోందా, టెన్షన్స్ ఏమన్నా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయమ్మా, మీ సీసా వల్లే ఉన్నాయి అని మళ్లీ మొత్తం చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నా కిట్‌లోకి విటమిన్ గమ్మీలు కలపమంటారా అంది. నేను ఫోన్ పెట్టేశా. ఒక ఆడమనిషి అయ్యుండి ఎలా అడగగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు.

20న సూపర్‌వైజర్ అంట. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా అన్నాడు. నెలనెలా వచ్చే మందు పార్సిల్‌కి వీడియో ఎవరు తీస్తారండీ? సీల్ తీసిన సీసా వాపస్ తీసుకోం, కావాలంటే వచ్చే ఆర్డర్‌కి 15 శాతం కూపన్ ఇస్తా అన్నాడు. నేను డబ్బు అడగలేదు. అప్పటిదాకా ఏ ఫోన్‌లోనూ ఒక్కసారి కూడా డబ్బు అడగలేదు, రికార్డింగులు మీ దగ్గరే ఉంటాయి, వినండి. 24న మీ వెబ్‌సైట్ అడుగున ఉన్న, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశా, దానికీ అదే ధన్యవాదాల మెయిల్, ఆ నంబర్‌కి చేస్తే మోగి మోగి కట్ అయిపోతోంది.

మీరు 20 రోజుల్లో చెప్పలేనిది మా అరండల్‌పేటలో మందుల షాపు బాబాయి రెండు నిమిషాల్లో చెప్పాడు. సీసా చూడగానే, "ఇది చీటీ లేకుండా ఇచ్చే మందు కాదురా, నీ చీటీలో ఇది లేదు కదా, వెంటనే ఆపెయ్, కొత్త దిండు గలీబులు వేసుకోండి, అమ్మాయిని రేపే డాక్టరమ్మకి చూపించు" అన్నాడు. 11న తీసుకెళ్లా. ఆవిడ చూసి, వేళ్లకి అంటింది కొద్దిగే, చర్మం నుంచి లోపలికి వెళ్లేది ఇంకా తక్కువ, పైగా ఆ అవయవాలు ఏర్పడే ముఖ్యమైన దశ ముందు నెలల్లోనే అయిపోయింది, భయపడొద్దు, ఇక మాత్రం తాకొద్దు అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మా ఆవిడ ఏడ్చింది. భయం పోయి ఏడ్చిందో, ఉండి ఏడ్చిందో నేను అడగలేదు. పుట్టేది ఎవరో మన దేశంలో స్కానింగ్‌లో చెప్పరు, చెప్పకూడదు కూడా, అందుకని మగబిడ్డేమో, మగబిడ్డయితే ఎలా అని కాన్పు దాకా తను లోపల లోపల అనుకుంటూనే ఉంటుంది. డాక్టరమ్మ చెప్పింది నమ్మమని రోజూ చెప్తున్నా. అదే తనకి ఐదో నెల కాకుండా మూడో నెల అయ్యుంటే? ఇది మీరు ఎంతమంది ఇళ్లకి పంపారు? వాళ్లలో ఎంతమంది లేబుల్ అడుగున చిన్న అక్షరాలు చదివుంటారు?

రెండేళ్లలో ఒక్క నెల కూడా ఆర్డర్ ఆపలేదు నేను. పక్క కొట్లో గుమస్తాకి, మా బావమరిదికి, నాతో చదువుకున్న ఇద్దరికి మీ పేరు నేనే చెప్పా, నా రిఫరల్ కోడ్ చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ నలుగురికీ నేనే ఫోన్ చేసి మీ సీసాలు ఒకసారి తీసి చూసుకోండిరా అని చెప్పుకోవాల్సొచ్చింది. బావమరిదికి కూడా మారిన సీసానే వచ్చింది. వాళ్లింట్లో రెండేళ్ల పాప ఉంది, వాళ్ల నాన్న తల పట్టుకుని ఆడుకుంటుంది. నమ్మకం మీద మందు కొంటామండీ మేం, లేబుల్ మీద కాదు.

ఇక మీరు చేయాల్సింది. కంపెనీ తరఫున ఒక అసలు డాక్టర్, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న డాక్టర్, నా ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబివ్వాలి, అది మా డాక్టరమ్మకి చూపిస్తా. చీటీలో లేని మందు ఎవరు మార్చి పంపమన్నారో చెప్పాలి. ఈ కొత్త సీసాలు వెళ్లిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, యాప్ నోటిఫికేషన్ కాదు ఫోన్ చేసి, ఇంట్లో గర్భిణులు ఉంటే తాకొద్దని చెప్పాలి. మా ఆవిడకి క్షమాపణ చెప్పాలి, నాకు కాదు, తనకి.

48 గంటల్లో ఫిర్యాదు అందిందని గ్రీవెన్స్ ఆఫీసర్ చెప్పాలని, నెల లోపు పరిష్కరించాలని ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది, 2020లో వచ్చిన రూల్స్. నేను చదువుకున్నవాణ్ణే. మీ ఆటోమేటిక్ మెయిల్‌ని జవాబు కింద లెక్కేయను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నిన్ననే కంప్లైంట్ ఇచ్చా. చీటీలో లేని మందు పంపారని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇవ్వడానికి కాగితం రాసి పెట్టుకున్నా. ఈ నెల 9 దాటితే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తా, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు, వేలం వదులుకుని వాయిదాలకి తిరగాల్సొచ్చినా తిరుగుతా. మీ 15 శాతం కూపన్ మెసేజ్, స్టార్లు అడిగిన మెసేజ్, ఆ కాన్పు కిట్ లింకు, అన్నీ ప్రింట్ తీయించా.

సీసా కవర్లో చుట్టి బీరువా పైన, మా ఆవిడకి అందకుండా పెట్టా. తీసుకెళ్లడానికి ఎవర్నైనా పంపండి.

ఇట్లు,
మీ రెండేళ్ల కస్టమర్, గుంటూరు

తా.క. ఇది రాస్తుండగానే మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, నా తర్వాతి కిట్ 3వ తారీఖు బయల్దేరుతుందని. యాప్‌లో క్యాన్సిల్ నొక్కితే హెయిర్ కోచ్‌తో మాట్లాడమంటోంది. దాన్ని ఆపండి. మా ఇంటికి ఆ సీసా ఇంకోటి రాకూడదు.