అక్క రాసిన పాట

తెనాలి
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా సుధా,

ఫోన్‌లో చెప్పొచ్చు కదా నాన్నా అంటావు. ఫోన్‌లో నేను రెండు ముక్కలు మాట్లాడేలోపే మీ అమ్మ లాక్కుంటుంది. అదీకాక, ఇది వీడియో కాల్లో నీ మొహం చూస్తూ చెప్పగలిగే మాట కాదు. అందుకని కాగితం తీశాను. రాత అర్థం కాకపోతే అమ్మనడుగు, ముప్పై ఏళ్ళుగా ఆవిడకి అలవాటే.

మీ తమ్ముడి దగ్గర్నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఆంధ్రా పారిస్ నుంచి బయల్దేరి, అసలు పారిస్ మొహం చూడకుండా లిస్బన్ దాకా వెళ్ళొచ్చిన వాళ్ళం మేమే అయ్యుంటాం. ట్రాములూ, ఏటి ఒడ్డూ, మోకాళ్ళు పట్టుకుని అమ్మ కూర్చుండిపోయిన మెట్లూ, అన్నీ గ్రూపులో చూశావు. బొటనవేలు కూడా పెట్టావు. ఆ బొటనవేలు తప్ప నువ్వూ వాడూ మాట్లాడుకుని ఎన్నాళ్ళైందో నాకు తెలియదనుకోకు.

ఫోటోల్లో లేని సంగతి ఒకటుంది. వాడుండే బిల్డింగులో పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. రోజూ సాయంత్రం గుడ్డుతో చేసిన చిన్న చిన్న తీపి బిళ్ళలు తెచ్చిచ్చేది. అమ్మ చిరునవ్వుతో పుచ్చుకుని నా వైపు తోసేది. నేను నాలుగు కేజీలు పెరిగింది వాటివల్లే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు పోర్చుగీసు రాదు, మధ్యలో తమ్ముడు. ఒకరోజు వాడు మెట్లెక్కుతూ పాడుకుంటుంటే విని, బాగుందే, ఎవరిదీ పాట అంది. నేను గొప్పగా, మా అబ్బాయి చిన్నప్పట్నుంచీ పాడతాడండీ అన్నాను. వాడు తర్జుమా చేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ అడిగింది. పాడింది ఎవరని కాదట, రాసింది ఎవరని.

వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఎందుకంటే వాడు పాడుతున్నది నీ పాట. కాలవ కట్ట పాట.

మా అక్క అని వాడే చెప్పాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్క రాస్తే తమ్ముడు పాడాడా, మా వాళ్ళిద్దరిలాగే అంటూ టీవీలో ఒక పాత వీడియో పెట్టించింది. అప్పట్నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

యూరోవిజన్ అని ఒక పాటల పోటీ ఉంది. నీకు తెలిసే ఉంటుంది, నాకైతే తెలియదు. 1956లో స్విట్జర్లాండులోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైందట. ఒక్కో దేశం ఒక్కో కొత్త పాట పంపుతుంది. మూడు నిమిషాలు దాటకూడదు. గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. అన్ని దేశాల్లోనూ ఒకేసారి టీవీలో వస్తుంది, ఆపైన ఓట్లు. సగం మార్కులు జడ్జిలవి, సగం ఫోన్లలో జనానివి. ప్రతి దేశమూ తనకి బాగా నచ్చినదానికి 12, తర్వాతదానికి 10, ఆపైన 8 నుంచి 1 దాకా ఇచ్చుకుంటూ పోతుంది. నాకు నచ్చిన రూలు ఏమిటంటే, ఎవరూ సొంత దేశానికి ఓటెయ్యకూడదు. మన టీవీ పోటీల్లో ఆ రూలు పెడితే ఎంత బావుణ్ణు! "మన జిల్లా కుర్రాడు, అందరూ ఎస్సెమ్మెస్ కొట్టండి" అని బస్టాండులో ఫ్లెక్సీలు ఉండేవి కాదు.

ఆ పోటీలో పోర్చుగల్‌ది అచ్చం మన పక్కింటి వాళ్ళబ్బాయి గ్రూప్ వన్ కథ. 1964లో మొదటిసారి వెళ్ళారు, సున్నా మార్కులు. అక్కణ్ణుంచి 53 ఏళ్ళు వెళ్తూనే ఉన్నారు, మధ్యమధ్య మానేస్తూ, మళ్ళీ వెళ్తూ. 1996లో ఒకసారి ఆరో స్థానం వచ్చింది. అదే గొప్ప. 2016లో అసలు వెళ్ళనే లేదు. ఆ మరుసటేడు వెళ్ళినప్పుడు ఆ దేశపు టీవీ సంస్థవాళ్ళు ముందు పాటలు కట్టేవాళ్ళని పిలిచారు. మీరు పాట చెయ్యండి, ఎవరితో పాడించుకుంటారో మీ ఇష్టం అన్నారు. ఆ పిలిచినవాళ్ళలో ఒకమ్మాయి లూయీజా సొబ్రాల్. మాటలూ తనే, బాణీ తనే. పాడటానికి తమ్ముణ్ణి తీసుకెళ్ళింది. వాడి పేరు సల్వడోర్, తనకంటే రెండేళ్ళు చిన్న.

తనకీ పాడటం వచ్చు, సుధా. అమెరికా వెళ్ళి సంగీతం చదువుకొచ్చిన మనిషి. అయినా పాట తమ్ముడి గొంతుకి సరిపోయేలా కట్టింది.

అప్పటికే ఆ అబ్బాయి గుండెకి పెద్ద జబ్బు. ఫైనల్ ఎక్కడో ఉక్రెయిన్లోని కీవ్‌లో. అన్ని రోజులు ముందుగా వెళ్ళి ఉండటం వాడికి మంచిది కాదు. స్టేజీ రిహార్సల్స్‌కి మాత్రం ఎవరో ఒకరు నిలబడాలి, కెమెరాలు చూసుకోవాలి, లైట్లు చూసుకోవాలి. మొదటి రిహార్సల్స్‌లో వాడి చోట అక్క నిలబడి పాడింది. తర్వాత వాడొచ్చాడు. పెద్దావిడ ఇది చెబుతూ తన చెయ్యి తమ్ముడి చేతి మీద వేసింది. అక్కడ వాడు తర్జుమా ఆపేశాడు. కాసేపటికి మిగతాది చెప్పాడు.

2017 మే 13న ఫైనల్. నేనా వీడియోలు మొత్తం చూశాను, అమ్మ తిట్టినా. అజర్‌బైజాన్ పాటలో ఒకడు గుర్రం తలకాయ తొడుక్కుని నిచ్చెన మీద కూర్చున్నాడు. ఇటలీ పాటలో గొరిల్లా వేషంవాడు గంతులేశాడు, పైగా గెలిచేది వాళ్ళేనని పందేలట. మంటలు, పొగలు, వెనకాల కొండంత తెరలు. పోర్చుగల్ వంతు రాగానే పెద్ద స్టేజీ అంతా ఖాళీ. జనం మధ్యలో చిన్న గుండ్రటి తిన్నె ఉంది, మన పందిట్లో కలశం పెట్టే అరుగంత. దాని మీద నిలబడ్డాడు ఒక్కడు. ఒంటికి రెండు సైజులు పెద్ద కోటు. డ్యాన్సర్లు లేరు. చేతులు మాత్రం ఊరుకోవు, గాల్లో ఏదో సర్దుతున్నట్టు కదులుతుంటాయి. పాట పోర్చుగీసులో. అర్థం ఏమిటంటే, నీకు మళ్ళీ ప్రేమించే ఓపిక లేకపోతే పోనీలే, నా గుండె ఇద్దరి కోసమూ ప్రేమిస్తుంది అని. గుండె జబ్బున్నవాడి నోట ఆ మాట పెట్టిన అక్క ఏమనుకుని పెట్టిందో. నేనైతే, తను అంత దూరం ఆలోచించలేదనుకుంటాను, పాటకి ఆ మాట పడింది, రాసింది. నీకే బాగా తెలియాలి అలాంటివి.

జడ్జిలిచ్చినవి 382, జనం ఇచ్చినవి 376. మొత్తం 758. అంతకుముందు ఎవరికీ రానన్ని మార్కులు. ఆ భాష రాని నలభై దేశాల వాళ్ళు ఇచ్చినవి. ఇంగ్లీషు ముక్క లేకుండా అంతా వేరే భాషలోనే ఉన్న పాట గెలవడం పదేళ్ళ తర్వాత అదే మొదలట.

ఆ రోజు లిస్బన్‌లో ఇంకో గమ్మత్తు జరిగింది. ఆ దేశాన్ని గురించి ఒక పాత ఎత్తిపొడుపు ఉంది, ఫాదో, ఫాతిమా, ఫుట్‌బాల్ అని. అంటే పాట, భక్తి, బంతి ఉంటే చాలు, వీళ్ళకి ఇంకేం పట్టదని. సరిగ్గా ఆ శనివారమే పోప్ ఫాతిమా పుణ్యక్షేత్రానికి వచ్చి ఇద్దరు పిల్లలకి పునీత హోదా ఇచ్చాడు. సాయంత్రం బెన్‌ఫికా జట్టు 5-0తో గెలిచి వరసగా నాలుగోసారి లీగ్ ఎగరేసుకుపోయింది. రాత్రికి ఈ పాట. కిటికీలోంచి వినబడే హారన్లు ఫుట్‌బాల్ కోసం మోగుతున్నాయో పాట కోసం మోగుతున్నాయో తెలియక తను రెండింటికీ చప్పట్లు కొట్టానంది పెద్దావిడ.

ఆవిడే ఇంకొకటి చెప్పింది. ఇది నీకు ప్రత్యేకంగా రాయాలి. 1974లో ఇంగ్లండులో బ్రైటన్‌లో జరిగిన పోటీలో గెలిచింది స్వీడన్ పాటల బృందం ఆబ్బా, అందరికీ తెలుసు. పోర్చుగల్ పాటకి వచ్చినవి 3 మార్కులు, చిట్టచివరి స్థానం ఇంకొందరితో కలిసి. వీడ్కోలు తర్వాత ఏమిటి అని ఒక మామూలు ప్రేమ పాట. మూడు వారాలైనా కాకముందే, ఏప్రిల్ 24 రాత్రి, పదకొండుకి అయిదు నిమిషాల ముందు లిస్బన్ రేడియోలో అదే పాట వేశారు. అది నియంతృత్వాన్ని కూలదొయ్యడానికి సిద్ధంగా ఉన్న సైనికాధికారులకి మొదటి సంకేతం, తయారవ్వండి అని. ప్రేమ పాట కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అర్ధరాత్రి దాటాక ఇంకో పాటతో రెండో సంకేతం. తెల్లారేసరికి ట్యాంకులు వీధుల్లో, తుపాకుల గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు. యూరప్ అంతా కలిసి 3 మార్కులేసిన పాట! ఇది విన్నాక అమ్మ, నీ ఇంటర్ లెక్కల మార్కులు గుర్తొచ్చాయంది. నేను రాయనన్నాను, రాసేశాను.

సరే, నాన్చుతున్నాను. కీవ్‌లో గెలిచాక ఆనవాయితీ ప్రకారం గెలిచినవాళ్ళు మళ్ళీ పాడాలి. సల్వడోర్ మైకు పట్టుకుని ఒక్కడే పాడలేదు. అక్కని స్టేజీ మీదకి పిలిచాడు. ఒక వరస తను, ఒక వరస వాడు. కింద ఉన్నవాళ్ళకి అప్పుడు తెలిసింది ఆ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆ డిసెంబరులోనే వాడికి గుండె మార్చారు. మరుసటేడు పోటీ లిస్బన్‌లోనే జరిగింది, వాడు మళ్ళీ వచ్చి అదే పాట పాడాడు, కొత్త గుండెతో.

ఆ పిలిచే చోట నేను వీడియో ఆపేశాను. తమ్ముడు, ఏంటి నాన్నా అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నానన్నాను.

దసరా పందిరి. ఆరేళ్ళైంది. వాడికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం కదా, పొడుగు వరసలు పాడలేడని నువ్వు కాలవ కట్ట పాటలో చరణాలన్నీ చిన్న చిన్న ముక్కలుగా రాశావు. నెల రోజులు హార్మోనియం ముందు కూర్చోబెట్టి నేర్పావు. వాడు పాడుతుంటే పందిరి మొత్తం చప్పుడు లేకుండా విన్నది. మైకు నా చేతికిచ్చారు. మా అబ్బాయి అన్నాను. మా అబ్బాయి గొంతు, మా అబ్బాయి సాధన, మా నాన్నగారి పోలిక. నీ పేరు రాలేదు. మరిచిపోయానని నీకు ఇన్నాళ్ళు చెబుతూ వచ్చాను. అది అబద్ధం, సుధా. గుర్తుంది. పాడినవాణ్ణి పొగిడితే చాలు, పిల్ల ఇంట్లో పిల్లే కదా, ఏమనుకుంటుంది అనుకున్నాను. నువ్వు పక్కన ప్రసాదం పంచుతున్నావు. పులిహోర దొప్పలు ఇస్తూనే ఉన్నావు, చేతులు ఆగలేదు. ఇంటికొచ్చాక హార్మోనియం మీద గుడ్డ కప్పావు. తర్వాత దాన్ని ఎవరూ తియ్యలేదు.

వాడు చిన్నపిల్లాడు, స్టేజీ దిగి చప్పట్లలో పడి నీ గురించి చెప్పాలని తోచలేదు. నువ్వు వాడి మీద కోపం పెట్టుకున్నావు. ఆ కోపం నాకు రావలసింది, వాడికి పోయింది. పాడుతా తీయగాలో బాలుగారు పిల్లలు నోరు తెరిచే ముందే రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పించేవారు. ప్రతి వారం చూస్తూ, చూశావా సంస్కారం అని నీకు చెప్పినవాణ్ణి నేనే.

వచ్చాక అటక మీద వెతికాను. నీ నీలం అట్ట నోటుపుస్తకం దొరికింది. కాలవ కట్ట పాట మధ్య పేజీల్లో ఉంది. మార్జిన్‌లో స్వరాలు పెన్సిల్‌తో, వరసల మధ్యలో ఎర్ర ఇంకుతో చిన్న చిన్న గీతలు. ఆ గీతలేంటో మొదట అర్థం కాలేదు. రెండో పేజీలో ఒక గీత పక్కన రాశావు, "ఇక్కడ వాడు ఊపిరి తీసుకుంటాడు". లెక్కపెట్టాను. పద్నాలుగు చోట్ల ఉంది గీత.

ఆ పేజీ ఫోటో తీసి వాడికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, అది నాకెప్పుడూ చూపించలేదు అక్క అని మెసేజి పెట్టాడు. నీకు ఫోన్ చేస్తాడేమో. చెయ్యకపోతే నువ్వు చెయ్యనక్కర్లేదు, వాడే చెయ్యాలి.

నేను అడగాల్సింది వేరే. మూడో చరణం ఆఖరి లైను పురుగు కొట్టేసింది. "రేవు దాటిన" అన్నంతవరకే ఉంది. వాణ్ణి అడిగితే రెండు రకాలుగా పాడి వినిపించాడు, రెండూ కాదనిపిస్తోంది. హార్మోనియం గుడ్డ తీసి తుడిచాను, రెండు మెట్లు పలకడం లేదు, మనిషిని పిలిచాను. ఆ లైను రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, కాగితం మీద, నీ చేత్తో. నోటుపుస్తకంలో అతికిస్తాను.

నాన్న