చూపు మీద భయానికీ వైద్యం ఉంది

ఎదుటివాళ్లని తేరిపార చూస్తున్నానేమో, వాళ్లు తప్పుగా అనుకుంటున్నారేమో అన్న భయం మనసులోంచి పోక నలిగిపోయేవాళ్లు మన విశాఖలోనూ ఉన్నారు, ఇది ఓసీడీలో (వద్దన్నా ఒకే ఆలోచన, భయం పదేపదే వచ్చి వేధించే మానసిక జబ్బులో) ఒక రకమని వాళ్లకీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. ఓసీడీ అంటే చేతులు పదేపదే కడుక్కోవడమే అని అందరి లెక్క. నాదీ ఈ చూపు భయమే, గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే సిటీ బస్సులో ఎదురుగా ఎవరైనా చున్నీ సర్దుకుంటే చాలు, నా వల్లే అని నాకు టెన్షన్, మెడ పట్టేసేలా కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను, చూడకూడదు అని బిగపట్టే కొద్దీ కన్ను అటే లాగుతుంది, దిగాక ఎవరైనా గమనించారా అని దారంతా అదే తలపోత. కావాలని వెకిలిగా చూసేవాడికి ఈ బాధేం ఉండదు (వాడికి శిక్ష పడాల్సిందే, అది వేరే సంగతి). ఇంట్లో చెబితే దిష్టి తీశారు, ఒక డాక్టరు నిద్రమాత్ర రాసి పంపేశారు. దీనికి అసలు వైద్యం, భయపెట్టే చోట కొద్దికొద్దిగా గడుపుతూ, తల తిప్పుకోకుండా, 'నేను చూశానా' అని పక్కవాళ్లని అడగకుండా ఉండే సాధన, అవసరమైతే మందులు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గేటు దాటడానికే జంకే కుర్రాళ్ల కోసం, ఈ సాధన చేయించగల సైకాలజిస్టులని కాలేజీల్లోనే వారానికి ఒక పూటైనా కూర్చోబెట్టాలి. మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు 2022 నుంచి ఉంది, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, దాన్ని సిటీ బస్సు సీట్ల వెనక కోచింగ్ ప్రకటనల పక్కన అతికించడానికి ఆర్టీసీకి పెద్ద ఖర్చేం కాదు.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం