గుడ్డు తేలింది: మంత్రి గారికి ఓ అంగన్‌వాడీ టీచర్ లేఖ

మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, ఇసకపల్లి వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మా పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది ఉప్పు పండించే కొఠార్లలోనో, రొయ్యల గుంటల మీదనో పనికి పోతారు. మొన్న ఫిబ్రవరిలో మా సెంటర్లో జరిగింది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఒక పిల్లాడి నాన్న కొఠారు మడిలో చిక్కబడిన ఉప్పునీళ్లు డబ్బాలో పట్టుకొచ్చి ఇచ్చాడు. మూడు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో క్యాన్ నీళ్లు, ఒకదాంట్లో సముద్రం నీళ్లు, మూడో దాంట్లో ఆ మడి నీళ్లు. మధ్యాహ్నం పిల్లలకి పెట్టే గుడ్లలోంచే ఒక పచ్చిగుడ్డు తీసి క్యాన్ నీళ్లలో వేస్తే మునిగింది. సముద్రం నీళ్లలో తేలుతుందని అందరూ ఒకటే అరుపులు, నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా, కానీ అక్కడా అడుక్కే పోయింది. మూడో గ్లాసులో వేయగానే బుడుంగున పైకొచ్చి, పైన రూపాయి బిళ్లంత భాగం బయటపెట్టి నిలబడింది. పిల్లలు కాసేపు నోరు మెదపలేదు. తర్వాత నాలుగేళ్ల పాప వేలు ముంచి నాకి, "టీచర్, ఇది ఉప్పగా కాదు, చేదుగా ఉంది" అంది. ఆ పాప చెప్పింది నిజమే. ఉప్పు గడ్డకట్టే కొద్దీ మిగిలిన నీళ్లలో మెగ్నీషియం లవణాలు ఎక్కువై చేదెక్కుతాయి, కొఠారులో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. పుస్తకం తెరవకుండా ఆ పిల్ల నాలుకతో కనిపెట్టింది.

మర్నాడు స్టీలు పళ్లెంలో సముద్రం నీళ్లు పోసి ఎండలో పెట్టాం. లీటరు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది కాబట్టి సాయంత్రానికి పళ్లెం అంచున తెల్లగా కట్టింది. అది చూసి ఒకడు "మా నాయన ఎత్తే బస్తాలు ఇట్టానే వస్తాయా" అని అడిగాడు. వాళ్ల నాన్న చేసే పనిని బడిలో పాఠంగా చూడటం వాడికి అదే మొదటిసారి, ఆ రోజు వాడి ముఖం మీరు చూసుంటే బాగుండేది.

ఆ వారంలోనే తనిఖీకి వచ్చిన అధికారి నోటు పుస్తకాలు తిరగేసి "అక్షరాలేవి? గుడ్డుతో ఆటలేంది, స్టాకులో ఏమని రాస్తావు?" అన్నారు. ఆ గుడ్డు కడిగి, ఉడకబెట్టి పిల్లలకే పెట్టాం, లెక్క ఎక్కడా తప్పలేదు. ఆమె మీద నాకు కోపం లేదండీ. ఆమె చేతిలో ఉన్న ఫారంలో బరువు, ఎత్తు, హాజరు, పాలు, గుడ్లు ఉన్నాయి. ఈ రోజు పిల్లలు చేత్తో ఏం చేశారు, ఏం అడిగారు అనే గడి మాత్రం లేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటలతో, చేసి చూడటంతో నేర్పమంది. 2022లో దానికి పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది, 2023లో అంగన్‌వాడీల్లో పోషణతో పాటు చదువూ ఉండాలనే 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం వచ్చింది. కాగితం మీద అంతా ఉంది, మా దాకా వచ్చేసరికి మళ్లీ అ ఆలు దిద్దించారా అనే దగ్గరే ఆగుతోంది. తల్లులు కూడా "మీ దగ్గర రాత లేదంట కదక్కా" అని పిల్లల్ని ప్రైవేటు ఎల్‌కేజీ వ్యానెక్కిస్తున్నారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. మూడేళ్ల పిల్లకి ఇంకా పెన్సిల్ పట్టే బలం వేళ్లకి రాదు, మట్టి పిసికితే, అలసందలు ఒక్కొక్కటీ ఏరితే ఆ బలం వస్తుందని నేను చెప్తే వినరు, అదే మాట మీ శాఖ నుంచి వస్తే వింటారు.

అందుకే అడుగుతున్నా. తనిఖీ ఫారంలో ఆ ఒక్క గడి పెట్టించండి. రెండు భూతద్దాలు, ఒక చిన్న తక్కెడ, నాలుగు గాజు గ్లాసులు కొనుక్కోనివ్వండి, పెద్ద ఖర్చేం కాదు. ట్రైనింగ్‌లో మాకు స్లైడ్లు చూపించడం కంటే మా చేతులతో మట్టి, నీళ్లు, విత్తనాలు పట్టించండి, మాలో చాలామందికే సముద్రం నీళ్లలో గుడ్డు మునుగుతుందని తెలియదు. ఇంకోటి, పొద్దున పిల్లలు హుషారుగా ఉండే టైమంతా సిగ్నల్ లేని ఫోన్లో ఎంట్రీలకే పోతోంది, వాటిని మధ్యాహ్నానికి మార్చండి.

ఇప్పుడు పిల్లలు "ఉడికిన గుడ్డు కూడా తేలుతుందా టీచర్" అని అడుగుతున్నారు. మీరు మా జిల్లాకి వచ్చినప్పుడు మీ ముందే చేయిద్దామనుకున్నా గానీ వాళ్లు అంతవరకూ ఆగేట్టు లేరు, రేపు పొద్దున్నే చేస్తున్నాం.

ఇట్లు,
అల్లూరు మండలం నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్