ఆ హోరులో తాళం ఉంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, ఫ్యూజన్ పేరుతో పాశ్చాత్యులు వాయించేదంతా శ్రుతీ తాళమూ పట్టని హోరని రాశారు. జాజ్‌ను, రాక్‌ను కలిపి వాయించిన 1970ల నాటి బృందాలన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. నేను సామర్లకోటలో మృదంగం నేర్పుతూ బతుకుతున్నవాణ్ని. మిగతా విషయాల్లో ఆయనతో నాకు పేచీ లేదు. తాళం మాట ఎత్తారు కనుక ఊరుకోలేక రాస్తున్నాను. ఒక్క రికార్డు పేరు చెబుతాను: మహావిష్ణు ఆర్కెస్ట్రా వారి ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’. కొలంబియా కంపెనీ 1973లో విడుదల చేసింది.

పేరు చూసి మన దేశపు బృందం అనుకోవద్దు. ఐదుగురిలో ఒక్కరూ భారతీయులు కారు. గిటారు వాయించి, బృందాన్ని నడిపిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్ మనిషి. అప్పటికే జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర ‘బిచెస్ బ్రూ’ రికార్డులో వాయించి వచ్చాడు. డ్రమ్స్ బిల్లీ కాబమ్ పనామాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగాడు. కీబోర్డు యాన్ హామర్‌ది ప్రాగ్. బేస్ గిటారు రిక్ లెయిర్డ్‌ది డబ్లిన్. వయొలిన్ జెర్రీ గుడ్‌మన్‌ది షికాగో. మెక్‌లాఫ్లిన్ గురువు శ్రీ చిన్మయ్ ఆయనకు పెట్టిన పేరు మహావిష్ణు. అదే బృందానికీ వచ్చింది. రికార్డు అట్ట వెనక ఆ గురువుగారి పద్యం కూడా ఉంటుంది.

ఇక మొదటి పాట. రికార్డు పేరే దాని పేరు. గంట మోగుతుంది, పన్నెండు తీగల గిటారు మొదలవుతుంది. అక్కడే చెయ్యి తొడ మీద పెట్టి లెక్క వేయండి. ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, పద్ధెనిమిది అక్షరాలు. గిటారు వరస నా చేతికి ఐదు, ఐదు, ఐదు, మూడుగా పడుతుంది. తకతకిట తకతకిట తకతకిట తకిట. మూడు ఖండాలు (ఐదేసి) వేసి ఒక తిశ్రంతో (మూడు) మూసేయడమన్నమాట. దాని మీద వయొలిన్ తన వరస ఎత్తుకుంటుంది. మెక్‌లాఫ్లిన్ గిటారు ఎక్కడెక్కడో తిరిగి, ఇక దారి తప్పాడు అనుకునే వేళకు మళ్లీ సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, వచ్చి పడుతుంది. ఒక్క అక్షరం ముందు కాదు, వెనక కాదు. ఆరు నిమిషాల లోపు పాట ఇది. నా దగ్గర మూడో ఏడు నేర్చుకుంటున్న పిల్లలకు ఇదే పెట్టి తాళం వేయమంటాను. ఖండనడక బాగా నానినవాడు మాత్రమే చివరిదాకా నిలుస్తాడు.

లెక్క సరిపోతే సంగీతమైపోదు, అదీ నాకు తెలుసు. కచేరీల్లో లెక్కలు తప్ప ఇంకేమీ లేని తనిఆవర్తనాలు (లయవాద్యాలు మాత్రమే వాయించే వంతు) చాలా విన్నాను, పక్కన కూర్చుని వాయించాను కూడా. కాబమ్ గొప్పతనం ఎక్కడంటే, ఆ పద్ధెనిమిదిని వినేవాడి నెత్తిన పెట్టడు. సర్వలఘువు, అంటే చిక్కు లెక్కలు లేని సాదా నడక, వాయించినంత హాయిగా నడిపిస్తాడు. రెండు కాళ్ల కింద రెండు బేస్ డ్రమ్ములు, చేతులు అడ్డం వేసుకోకుండా వాయించే పద్ధతి, భుజాల్లో అంత బలం. ఇంత ఉండి కూడా నాద స్పష్టత పోదు. ఎంత వేగంలోనైనా ప్రతి దెబ్బ విడివిడిగా వినబడుతుంది. దుడుకుగా వాయించే మా విద్యార్థులకు నేను రోజూ చెప్పి చెప్పి విసిగిపోయే విషయం ఇదే.

‘వన్ వర్డ్’ అనే దాదాపు పది నిమిషాల పాట వినండి. కాబమ్ పుల్లలతో చిన్న డ్రమ్ము మీద ఎడతెగని మోత మొదలుపెడతాడు, దాని లోపలినుంచి పాట లేస్తుంది. తర్వాత రిక్ లెయిర్డ్ బేస్‌కు చోటిస్తారు. మిగతా నలుగురి మెరుపుల మధ్య ఈయన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా మటుకు నాకు ఆ ఐదుగురినీ నేల మీద నిలబెట్టింది ఆయనే. తంబూర లేని లోటు ఆయన వల్లే తెలియదు. ఆ పైన గిటారు, వయొలిన్, హామర్ వాయించే మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు వంతులు వేసుకుంటాయి. తనిలో మృదంగం, ఘటం, కంజీర ఒకరి మాట ఒకరు అందుకున్నట్టే. హామర్ ఆ మూగ్ మీద స్వరాన్ని వంచే తీరు వింటే మీటల వాద్యం అనిపించదు. శ్రుతి పట్టని హోరు అన్నవారు ఈ చోటే రెండుసార్లు వినాలి. తర్వాత కాబమ్ ఒక్కడే మిగులుతాడు.

‘సెలెస్టియల్ టెరెస్ట్రియల్ కమ్యూటర్స్’ పందొమ్మిది మీద నడుస్తుంది. ‘థౌజండ్ ఐలండ్ పార్క్’లో డ్రమ్స్ లేవు, వయొలిన్ లేదు. మామూలు గిటారు, పియానో, బేస్ మాత్రమే. ‘ఓపెన్ కంట్రీ జాయ్’ పల్లెపాటలా మెల్లగా మొదలై ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. పాట అయిపోయిందనుకుంటాం. ఆ మౌనాన్ని ఐదుగురూ కలిసి మోసి, ఒక్కసారిగా విరుచుకుపడతారు. లోపాలు లేవని అనను. అర నిమిషం కూడా లేని ఒక ముక్క ఉంది, అది లేకపోయినా రికార్డుకు వచ్చే నష్టం లేదు. ఏకబిగిన వింటే చెవులు అలిసిపోతాయి కూడా.

నాకు ఈ రికార్డు మా బావగారి వల్ల దొరికింది. ఆయన విశాఖపట్నం నుంచి ఓడల మీద ఉద్యోగానికి వెళ్లేవారు. 1980ల్లో ఎల్పీ తెచ్చి చేతిలో పెట్టారు గానీ వినడానికి ఇంట్లో ప్లేయర్ లేదు. పెళ్లిళ్లకు మైకు సెట్టు అద్దెకిచ్చే దుకాణంలో టర్న్‌టేబుల్ ఉండేది. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ దుకాణం కుర్రాడు సూదికి పట్టిన దుమ్ము వేలి చివరతో తుడిచి పెట్టేవాడు. ఆ కుర్రాడికి సంగీతం రాదు. అయినా కొన్నాళ్లకు మొదటి పాటకు సమం దగ్గర తల ఊపడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, పద్ధెనిమిది అతని ఒంట్లోకి దానంతటదే వచ్చింది. తాళం లేని హోరుకు అలా జరగదు.

మావాళ్లలో ఇంకొందరు దీనికి ఎదురు మాట అంటారు. అదంతా మననుంచి ఎత్తుకుపోయిందేనట! అదీ న్యాయం కాదు. ఆ గిటారులో అమెరికా నల్లవారి బ్లూస్ పాట ఉంది, జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఉన్నాడు, మైల్స్ డేవిస్ ఉన్నాడు. ‘మైల్స్ బియాండ్’ అనే పాట ఆ డేవిస్‌కు సమర్పించిందే. మన సంగీతం దగ్గరికి మెక్‌లాఫ్లిన్ శిష్యుడిగా వచ్చాడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీత విద్వాంసులు ఎస్.రామనాథన్ గారి దగ్గర కూర్చుని వీణ నేర్చుకున్నాడు. 1973 చివర్లో ఈ ఐదుగురూ విడిపోయాక, తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్.శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో ‘శక్తి’ బృందం కట్టాడు. చేతిలో ఉన్న కరెంటు గిటారు పక్కన పెట్టి, దాని బదులు మామూలు గిటారు పట్టుకున్నాడు. పేరూ సంపాదనా తెచ్చిపెట్టిన మోతను వదిలి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి ఎంత నమ్మకం ఉండాలి!

అదే మనిషి తర్వాతి కాలంలో ‘రిమెంబర్ శక్తి’ అని కొత్తగా బృందం కట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నది మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని. ‘ది బిలీవర్’ 2000లో, ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ 2001లో వచ్చాయి. శ్రీనివాస్ గారి గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఆయన చిన్నతనం, బిరుదులు, పద్మశ్రీ అన్నీ ఉంటాయి. ఈ రికార్డుల దగ్గరికి వచ్చేసరికి విదేశీ కళాకారులతోనూ వాయించారు అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఏం వాయించారు, ఎవరితో వాయించారు, ఆ మెక్‌లాఫ్లిన్ అక్కడిదాకా ఏ దారిన వచ్చాడు అన్నది ఎవరూ రాయరు.

కాబట్టి నా మనవి ఇది. సెప్టెంబరు 19 శ్రీనివాస్ గారి వర్ధంతి. ఆ వారం మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఈ రికార్డులకు కేటాయించండి. ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’తో మొదలుపెట్టి ‘రిమెంబర్ శక్తి’ దాకా రాయించండి. బిరుదుల జాబితా తగ్గినా ఫర్వాలేదు, వాయిద్యాల పేర్లూ, వాయించినవాళ్ల పేర్లూ, తాళాలూ ఉండాలి. రాసేవారు దొరక్కపోతే తాళాల వరకు నేను రాసిస్తాను. పాఠకులకు మాత్రం ఫోను స్పీకర్‌లో వినవద్దని ముందే చెప్పండి, అందులో రిక్ లెయిర్డ్ బేస్ బొత్తిగా వినబడదు.

ఇట్లు,
ఒక మృదంగం మాస్టారు,
సామర్లకోట