కుందేలు బొమ్మ పక్కన క్యారెట్ తీసేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో రంగులు వేయమని కుందేలు బొమ్మ ఇచ్చారు. దాని ముందుకాళ్ళ మధ్య దానంత క్యారెట్. మా చిన్నది శ్రద్ధగా నారింజ రంగు పూసి తెచ్చి చూపించింది. బాగుందన్నాను గానీ మనసు చివుక్కుమంది. ఆ బొమ్మను నమ్మే నేను ఒక కుందేలును పోగొట్టుకున్నాను.

నేను తెనాలిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మూడేళ్ళ కిందట పిల్లలు పోరు పెడితే సంతలో ఒక తెల్ల కుందేలును కొన్నాం. 'క్యారెట్ ముక్కలు పడేయండమ్మా, అదే తింటుంది' అన్నాడు అమ్మినతను. పడేశాం. క్యారెట్టుతో పాటు బిస్కెట్లు, అరటిపండు, మా అత్తగారు తినే మరమరాలు కూడా. ఏది పెట్టినా ముక్కు ఆడిస్తూ తినేది. కొన్నాళ్ళకు వెనక బొచ్చుకి మెత్తగా అంటుకుపోయి వాసన రావడం మొదలైంది. విరేచనాలనుకున్నాం. బాబుకి జ్వరం వచ్చినప్పుడు రాసిన అమాక్సిసిలిన్ సిరప్ ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. పసిపిల్లల మందే కదా, ఏమవుతుందిలే అని రెండు పూటలా కాసిని చుక్కలు నోట్లో పోశాను. మూడో రోజుకి నిజంగానే నీళ్ళలా పోయింది. నాలుగో రోజు పొద్దున చూస్తే మిషను కింద కొయ్యబారి పడి ఉంది.

ఇప్పుడున్న బూడిదరంగుది ఎదురింటివాళ్ళు ఊరు మారుతూ ఇచ్చి వెళ్ళింది. ఈసారి భయపడి, గన్నవరంలో పశువైద్యం చదివి వచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరికి ముందే వెళ్ళాను. పాత కథ చెబితే తల పట్టుకుంది. కుందేలు గడ్డిని అరిగించుకునేది పొట్టలో కాదట, చిన్నపేగు చివర ఉండే పెద్ద సంచిలో, అక్కడుండే సూక్ష్మజీవుల సాయంతో. నేను పోసిన అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటితో పోస్తే ఆ మంచివన్నీ చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. తీపి, పిండి ఎక్కువైనా ఆ సంచి పాడవుతుంది. ఏం పెట్టాలమ్మా అని అడిగితే, 'గడ్డి పెట్టండి. పొద్దున్నే పెంటికలు చూడండి' అంది.

పెంటికల గురించి పేపరుకు రాస్తున్నావా అని మా ఆయన నవ్వుతున్నాడు. నవ్వనీయండి.

రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, దాని మూల ఊడుస్తాను. బాగున్న రోజు చేటలోకి ఎత్తుతుంటే గలగలమంటాయి. గుండ్రంగా, పొడిగా, శనగగింజంత ఉండాలి. వేళ్ళతో నలిపితే గడ్డిపొడి రాలాలి. రోజుకు రెండు మూడు వందలు వేస్తుంది. నేను లెక్కపెట్టను, చేట చూస్తే తెలిసిపోతుంది. నాకు కొలతలు చూపుతో పట్టే అలవాటుంది కదా. మిరియాలంత అయిపోయాయంటే తిండి తగ్గిందని. వెంట్రుకతో గుచ్చినట్టు ఒకదానికొకటి వేలాడుతూ పూసల దండలా వస్తే బొచ్చు రాలుస్తోందని, నాక్కుని మింగుతోందని. అప్పుడు దువ్వెన తీస్తాను, గడ్డి ఇంకాస్త వేస్తాను.

ఇంకో రకం ఉంది. నల్లగా, మెత్తగా, చిన్న ద్రాక్షగుత్తిలా జిగురుగా వస్తుంది. ఆ సంచిలో తయారైన సత్తువంతా అందులోనే. కుందేలు వంగి దాన్ని నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. మొదటిసారి చూసి మా అత్తగారు 'ఛీ, దీని బుద్ధి పాడుగాను' అని చీపురు విసిరారు. పాపం, అది దాని భోజనం. అది మామూలుగా మన కంట పడదు. నేల మీద మిగిలిపోతోందన్నా, బొచ్చుకి అంటుకుంటోందన్నా తీపి ఎక్కువైందనో, ఒళ్ళొచ్చి వంగలేకపోతోందనో అర్థం. మా తెల్లదానికి మొదట వచ్చింది ఇదే. క్యారెట్లు మానేసి గడ్డి వేసి ఉంటే సరిపోయేదేమో.

ఆన్‌లైన్‌లో అమ్మే తిమోతి గడ్డి ధర మాకు అందేది కాదు. వినాయక చవితి నాడు తప్ప ఎవరూ పట్టించుకోని గరికే మా కుందేలుకి ముప్పూటలా భోజనం. మందు కొట్టని చోట కోసి, దులిపి, నీడన ఆరబెడతాను. దాని పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్ ఎప్పుడైనా బొటనవేలంత ముక్క, అంతే.

మొన్న మే నెలలో ఒకరోజు కరెంటు పోయి ఇల్లు కుంపటిలా ఉంది. మర్నాడు పొద్దున చేటలో ఏమీ లేదు. గరిక పెట్టింది పెట్టినట్టే ఉంది. కుందేలు మూలన ముడుచుకుని పళ్ళు నూరుతోంది. నొప్పికి అలా నూరుతుందని డాక్టరమ్మ చెప్పి ఉంది. పది పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే ఆగకూడదని కూడా చెప్పింది. ఆమె ఊళ్ళో లేదు. దగ్గర్లో ఒకచోటికి తీసుకెళితే 'గేదెలైతే చూస్తాం, కుందేళ్ళు మాకు తెలీవు' అన్నారు. చివరికి ఆమెనే ఫోన్‌లో పట్టుకుని, చెప్పిన చోటికి గుంటూరు పరిగెత్తాం. అక్కడ పొట్టకి స్టెతస్కోపు పెట్టి, పేగుల చప్పుడే లేదన్నారు. చర్మం కింద సెలైన్ ఎక్కించి, నొప్పికి ఇంజెక్షన్ చేశారు. పేగుకి అడ్డం ఏదీ లేదని చూసుకున్నాక, నానబెట్టి మెదిపిన మేత సిరంజితో కొంచెం కొంచెం పట్టమన్నారు.

రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూడున్నరకి తువ్వాలు మీద ఏదో తగిలింది. ఏడు పెంటికలు, మిరియాలంతవి. మా ఆయన్ని లేపాను. 'దీనికా లేపావు' అన్నాడు గానీ, టార్చి వేసి ఆయనా లెక్కపెట్టాడు.

సార్, మీ వ్యవసాయం పేజీలో గేదెలకీ కోళ్ళకీ ఏం వస్తే ఏం చేయాలో రాస్తుంటారు. కుందేళ్ళకీ నాలుగు ముక్కలు రాయించండి. పన్నెండు గంటల సంగతి, ఇంట్లో మిగిలిన మందుల సంగతి తప్పకుండా వేయండి. పిల్లల పేజీలో మళ్ళీ ఆ బొమ్మ వేస్తే క్యారెట్ తీసేసి ఇంత గరిక గీయించండి. పచ్చరంగు ఎలాగూ ప్రతి పెట్టెలోనూ ఉంటుంది.

— ఒక పాఠకురాలు, తెనాలి