పుష్కర ఘాట్ల లెక్కలు బోర్డు మీద రాయాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గోదావరి పుష్కరాల పనుల అంచనాల గురించి పోయిన వారం మీ పత్రికలో వార్త చదివాను. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు పుష్కరాలు. అంటే మళ్లీ ఘాట్లు, మళ్లీ టైల్స్, మళ్లీ కాంట్రాక్టులు.

మాది కోనసీమలో గోదావరి ఒడ్డున చిన్న ఊరు. మా రేవుకు తాతల నాటి నల్లరాతి మెట్లు ఉండేవి. ఎన్ని వరదలొచ్చినా ఒక్క రాయి కదల్లేదు. 2015 పుష్కరాలకు వాటిని పెకలించి, సిమెంటు పోసి, ఇంట్లో హాల్లో పరిచే నున్నటి టైల్స్ వేశారు. ఎప్పుడూ తడిగా ఉండే మెట్లకు ఇవేమిటని నేనే వెళ్లి అడిగాను. ‘ఎస్టిమేట్లో అదే ఉంది మాస్టారూ’ అన్నాడు పని చేయించే సూపర్‌వైజర్. రెండో వరదకే టైల్స్ లేచిపోయాయి. ఇప్పుడు మెట్ల అంచుల్లో ఇనప చువ్వలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి తలుపే లేదు. మొన్న కార్తీకమాసంలో మా ఆవిడ అరటి దొప్పలో దీపం వదలడానికి దిగితే కాలి కింద టైలు కదిలి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆ కట్టుతోనే మిగిలిన సోమవారాలన్నీ అదే రేవుకు వెళ్లింది. ఎలా కట్టినా జనం వస్తారన్న ధీమా వీళ్లకు ఆ భక్తిని చూసే కదా!

2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, కొద్ది రోజుల ముందు హడావుడిగా కట్టిన గోడ వానకు కూలి ఏడుగురు పోయారు. కమిటీ వేశారు, అధికారులను సస్పెండ్ చేశారు. ఏ ప్రభుత్వం ఉన్నా ఇదే తంతు. గురుడు సింహరాశిలోకి ఎప్పుడొస్తాడో పంచాంగం ఏళ్ల ముందే చెబుతుంది. పుష్కరం చెప్పకుండా వచ్చే తుపాను కాదు. ఆఖరి నెల దాకా పనులు సాగదీసి, టైం లేదన్న వంకతో నాసిరకం పనికి బిల్లులు చేయించుకోవడం దేవుడి సొమ్ము తినడం కాదా? చిన్న గుళ్లకు ధూపదీప నైవేద్యం సాయం నెలకు 10,000 చేస్తామని 2024లో ప్రకటించారు. మా రేవులో కొట్టుకుపోయిన టైల్స్ డబ్బుతో అలాంటి గుడిలో ఎన్నేళ్లు దీపం వెలిగేదో!

గోదావరిలో నీళ్లు తగ్గే వేసవిలోనే ఘాట్ల పని సాగాలి. మంజూరైన సొమ్ము, కాంట్రాక్టర్ పేరు, ఇంజనీర్ పేరు, గడువు ప్రతి రేవులో బోర్డు మీద రాయాలి. ఒక వరద చూశాకే చివరి బిల్లు ఇవ్వాలి.

మా రేవుకు మాత్రం టైల్స్ వద్దు. పెకలించిన నల్లరాళ్లు ఇంకా తుప్పల్లో పడి ఉన్నాయి. అవే తెచ్చి పరచమనండి.

— ఓ రిటైర్డ్ టీచర్, కోనసీమ